బెన్ పిలుపు

తెగిన పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి ముడి వేస్తూ నర్సింగం పక్క సాంచా, అంటే మరమగ్గం, దగ్గరున్న రాములు వైపు చూశాడు. రాములు ఏదో చెబుతున్నాడు, కానీ మూతికి రుమాలు కట్టుకుని చెబుతున్నాడు. మరమగ్గాల మోతలో మాట వినిపించడమన్నది ఏనాడూ లేదు, ఎదుటివాడి పెదవులు చూసే అర్థం చేసుకోవాలి. ఆ పెదవులు ఇవాళ ఎవరికీ లేవు. ఒడియావాళ్లు, ఉత్తరాది భయ్యాలు, చివరికి పని చేయించే ముకద్దం కూడా కళ్ల కింద గుడ్డ బిగించుకుని తిరుగుతున్నారు. ఎక్కడో ఎలుకలు చచ్చాయని నిన్న బస్తీలో అనుకుంటుంటే చూశాడు గానీ, దానికీ ఈ గుడ్డలకీ సంబంధమేమిటో అతనికి తట్టలేదు. ఏమిటని చేత్తో అడిగాడు. రాములు కూడా చేత్తోనే ఏదో చూపించి తన సాంచా వైపు తిరిగాడు.

సిరిసిల్ల నుంచి సూరత్‌కు వచ్చేనాటికి నర్సింగానికి మీసాలు కూడా సరిగ్గా మొలవలేదు. ఇప్పుడు కనుబొమల నిండా దారపు నూగు. ఎడమ భుజం కిందికి జారింది. ఎవరు పలకరించినా మెడ వంచి కుడిచెవి ముందుకు తెస్తాడు. ఆ చెవిలోనైనా మిగిలింది కాస్తే. కార్ఖానాలో ఎవరికీ ఏమీ వినపడదు కాబట్టి అక్కడ అతను అందరిలాంటివాడే. బయటికొచ్చి కూరలమ్మే మనిషి ముందు నిలబడ్డప్పుడే చెవిటివాడయ్యేవాడు.

అందుకే కొడుకును బళ్లో వేశాడు. రాజేశం చెవులు రాజేశానికే ఉండాలన్నదొక్కటే అతని పంతం. భేస్తాన్‌లో వాళ్ల బస్తీకి దగ్గరగా ఉన్నది గుజరాతీ బడి. వానలు మొదలైన నాడు చేర్పిస్తే, పిల్లవాడు గేటు ఊచలు పట్టుకుని వేలాడాడు. నెల దాటినా ఆ ఏడుపు ఆగలేదు. పొద్దున తాగిన చాయ బడి మూల మలుపులోనే కక్కేవాడు. కండెలు చుట్టే పని ఇంట్లో పడేసి, కొమురవ్వ వానలో గోడపక్కన నిలబడి లోపలి ఏడుపు వినేది. వినలేని తండ్రికి ఆ బాధ లేదు గదా అని ఒకరోజు దెప్పింది కూడా.

"గా బడి మనకొద్దయ్యా. మాట తెల్వని కాడ పసిపోరడు ఎట్లుంటడు?" అంది.

నర్సింగం తెల్లవారి మళ్లీ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బయలుదేరాడు.

ఆ మధ్యాహ్నం వాడు నవ్వుతూ ఇంటికొచ్చాడు. బెన్, అంటే వాళ్ల పంతులమ్మ, తనను రాజా అని పిలిచిందట. చప్పట్లు కొట్టి, గుమ్మంలో నిలబడి, తననే చూస్తూ పిలిచిందట. ఇంట్లో వాడి ముద్దుపేరు అదే. ఊరుగాని ఊళ్లో ఒక మనిషికి ఆ పేరు తెలిసిందంటే కొమురవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. బెన్ చల్లగుండాలని దండం పెట్టుకుంది.

నర్సింగం మాత్రం అన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. రజా అంటే గుజరాతీలో సెలవు. సేఠ్ దీపావళికి ఇచ్చేది రజా. బడి వదిలేటప్పుడు పిల్లలందరితో బెన్ చెప్పేదీ రజాయే, ఇక ఇంటికి పొమ్మని. పరాయి భాష వినపడిందేమోగానీ పిల్లవాడి మనసుకు తన పేరే వినపడింది. ఆ మాట చెప్పేద్దామని నోరు తెరిచాడు. వాడు తల్లి ఒళ్లో ఎగురుతున్నాడు. నర్సింగం ముద్ద నోట్లో పెట్టుకుని నిజాన్ని దాంతోపాటే మింగేశాడు. మర్నాడు తనే ఆ అబద్ధంలో ఇంకాస్త ముందుకెళ్లి, ఇయ్యాల గూడ పిలిచిందా అని అడిగాడు. పిలిచిందన్నాడు పిల్లవాడు. అప్పటినుంచి బడికి వాడు ముందు, తండ్రి వెనక.

ఇవాళ పొద్దున కూడా మలుపులోనే చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు. గేటు దగ్గర బెన్ నిలబడి ఉంది. ఆమె మొహానికీ కొంగు అడ్డం. చెయ్యి ఊపుతోంది. రమ్మంటోందనుకున్నాడు నర్సింగం. సందులో మూటలు ఎత్తుకుని పోతున్నవాళ్లు ఎదురైతే, ఎవరో ఊరికి పోతున్నారనుకుని షిఫ్టుకు పరుగు తీశాడు.

మధ్యాహ్నం దాటాక సాంచాలు ఆగడం మొదలైంది. మొదట ఆ చివరి వరుస, తర్వాత నడిమిది. కరెంటు పోయిందేమోనని చూస్తే దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్కరే చేతులు తుడుచుకుని వెళ్లిపోతున్నారు. నర్సింగం కూడా తన సాంచా ఆపాడు. రాములు దగ్గరికి వచ్చి రుమాలు కిందికి లాగాడు.

"ప్లేగు గత్తరొచ్చిందట నర్సింగం. బస్తీలన్నీ టేషన్ల మీద పడ్డయ్. పొద్దుగాల గేటుకాడనే పిల్లలకు రజా ఇచ్చి బడులు బంద్ పెట్టిన్రు. నీ పోరడు ఇంటికి ముట్టిండా?"

రజా అన్న ఒక్క మాట రాములు పెదవుల మీద నర్సింగానికి స్పష్టంగా కనిపించింది. బెన్ గేటులో నిలబడి రజా అంటే పిల్లలంతా వెనక్కి తిరుగుతారు. ఒక్కడు మాత్రం ఆ గుంపులో ఎవరి కంటా పడకుండా లోపలికి పోతాడు.

ఎలా పరుగెత్తాడో అతనికి గుర్తులేదు. దుకాణాలు మూసి ఉన్నాయి. బడి గేటుకు తాళం ఉంది. కేకేశాడు. జవాబు వచ్చినా తనకు వినపడదని కేకేశాక గుర్తొచ్చింది. అంత కాలం బతికి, చెవిటితనానికి అప్పుడు ఏడ్చాడు. గోడెక్కి, మోచేతులు దోక్కుపోయి, లోపలికి దూకాడు.

తరగతి గదిలో ఖాళీ చాపల నడుమ రాజేశం కూర్చుని ఉన్నాడు. ముందు వరుసలో, బెన్ కుర్చీకి ఎదురుగా, చేతులు కట్టుకుని. చెంపల మీద చారలు ఎండిపోయాయి. తండ్రిని చూసి లేవలేదు.

"బెన్ రాజా అని పిలిచింది బాపూ. నేను లోపటికచ్చిన. ఆమె రాలే."

నర్సింగం వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు కూడా మింగేయవచ్చు. కానీ ఈ మాట మళ్లీ ఎక్కడో ఏ తలుపు వెనకో వీణ్ణి కూర్చోబెడుతుందని భయమేసింది.

"రాజా కాదు బిడ్డా. రజా అన్నది. ఇంటికి పొమ్మని."

"నన్నేనా?"

"అందరిని."

పిల్లవాడు కుర్చీ వైపు చూశాడు. "రోజూ గట్లనేనా?"

"రోజూ గట్లనే," అన్నాడు నర్సింగం.

వాడు ఏడిస్తే బాగుండుననుకున్నాడు. వాడు ఏడవలేదు. భుజానికెత్తుకుంటే మొద్దులా ఉండిపోయాడు.

బడి మూశారని తెలిసి, పిల్లవాడు బాపుతోనే ఉన్నాడనుకుని కొమురవ్వ మూటలు కట్టి వాకిట్లో కూర్చుంది. ముగ్గురూ జనంలో పడి ఉధనా స్టేషనుకు నడిచారు. రైల్లో తలుపు పక్కన కాలు మోపే చోటు దొరికింది. బండి కదిలాక ఆమె చెంగులోంచి రొట్టె తుంచి, రాజా అని పిలిచింది. పిల్లవాడు తల తిప్పలేదు. రెండోసారి గట్టిగా పిలిచింది. అప్పుడూ తిప్పలేదు. ఆమె రొట్టె మళ్లీ చెంగులో వేసుకుంది. భర్త గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పెదవులు కనిపించేలా అడిగింది.

"వీనికి గూడ చెవులు పోయినయా ఏందయ్యా?"

నర్సింగం మొహం తిప్పుకుని బయట చీకటి పడుతున్న పొలాల వైపు చూశాడు. వాళ్లు మళ్లీ సూరత్‌కు రాలేదు. రాజేశం మళ్లీ ఏ బడి మెట్లూ ఎక్కలేదు.

జబ్బు భయం తగ్గి, ఆ బడి తలుపులు తెరిచిన నాడు, తరగతి గుమ్మం బయట చిన్న నీలం రబ్బరు చెప్పుల జత వానకు నాని, ఎండకు ఎండి అలాగే ఉంది. ఎడమదాని తెగిన పట్టీని ఎవరో సాంచా దారంతో, లాగినా ఊడకుండా, గట్టిగా ముడి వేసి ఉంచారు.