పరుపు అంచుల్లో

వేసవి సెలవుల్లో పిల్లల్ని హైదరాబాదు థీమ్ పార్కుకి తీసుకెళ్ళాలని అనుకున్నప్పుడు, ఎక్కడ దిగాలన్న సంగతి భావన తన మీద వేసుకుంది. భర్త సాయిశ్రీనివాస్ భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో గుమాస్తా. పార్కు ఊరవతల ఉంది కాబట్టి దాని పక్కనే ఏదో ఒక లాడ్జిలో దిగుదామన్నాడు. భావన ఒప్పుకోలేదు. పదిరోజుల పాటు, తను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే ఫోను పట్టుకుని, గదుల ఫొటోలూ వాటి కింద జనం రాసిన మాటలూ చదివింది. చివరికి ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంట్లో ముందుగది దొరికింది. అద్దె లాడ్జిలో సగం. 'అమ్మ దగ్గరికి వెళ్ళినట్టుంది' అని ఎవరో రాశారు. ముగ్గురు నలుగురికి ఆ మాట చదివి వినిపించి, మూడు రాత్రులకు బుక్ చేసింది.

ఇల్లు ఆదాముది. ముప్పై ఏళ్ళు సినిమాలకి బట్టలు కుట్టి, చూపు మందగించాక మానేశాడు. ఆయనా, భార్య సారా వెనకగదిలోకి సర్దుకుని ముందుగది యాప్‌లో అద్దెకిస్తున్నారు. ఇరుకు సందు. తలెత్తితే జూబ్లీహిల్స్ బంగళాల వెనక గోడలు కనిపిస్తాయి. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. మంచం మీద పరుపు ఆదాము తన చేత్తో కుట్టింది. నిఖిల్‌కి పదేళ్ళు, పూజితకి ఆరు. దిగిన సాయంత్రం వాళ్ళిద్దరూ పరుపు మీద ఎక్కి గెంతుతుంటే సారా నవ్వుతూ చూసిందే తప్ప దిగమనలేదు.

తప్పు గదిలో లేదు, దూరంలో ఉంది. మర్నాడు పదింటికి బయల్దేరితే రెండు బస్సులు మారి పార్కు చేరేసరికి ఒంటిగంట దాటింది. నాలుగు ఆటలు ఆడేలోపే తిరుగుప్రయాణం. బస్సులో పూజితకి వాంతయింది. సాయిశ్రీనివాస్ ఏమీ దెప్పలేదు. "రేపు కూడా ఇంతేనా?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క మాట భావనకి చాలా సేపు గుచ్చుకుంది. పదిరోజులు వెతికి వెతికి తను తెచ్చింది ఇక్కడికి.

ఆ సాయంత్రం అందరూ గదిలో ఉండగా ఆమె మెట్ల మీద కూర్చుని యాప్ తెరిచింది. మిగతా రెండు రాత్రులు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదని ఉంది. ఎవరో పెట్టిన వీడియో ఒకటి చూసింది. గదిలో నల్లులున్నాయని రాసి ఒక ఫొటో జతచేస్తే యాప్ కంపెనీవాళ్ళు వెంటనే మొత్తం ఇచ్చేస్తారని అందులో ఒకమ్మాయి చెబుతోంది. పూజిత మోచేతి మీద రైల్లో దోమ కుట్టిన దద్దు ఒకటుంది. భావన పాపని పిలిచి, చెయ్యి చాపమని ఫొటో తీసింది. 'మంచంలో నల్లులు, పిల్ల ఒళ్ళంతా కుట్టాయి' అని రాసి పంపింది. ఎవరికీ నష్టం లేదని, అది పెద్ద కంపెనీ అని తనకి తాను చెప్పుకుంది.

తెల్లవారి లేచేసరికి మూడు రాత్రుల డబ్బూ వెనక్కి వచ్చింది. కుళాయి నీళ్ళు సరిగా రావడం లేదని చెప్తే ఇచ్చేశారని భర్తతో అంది. సారాతో పిల్లలు అలిసిపోతున్నారని, పార్కు దగ్గరికి మారిపోతున్నామని చెప్పింది. సారాకి ఇంకా ఏమీ తెలియదు. అయ్యో అంత దూరం కదా అని, చపాతీలూ బంగాళాదుంప కూరా స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బా సంగతేమిటని భావన అడిగితే, మళ్ళీ ఈ ఊరు వచ్చినప్పుడు ఇద్దువుగానిలే అంది.

ఆ చపాతీలు పార్కులో చెట్టు కింద కూర్చుని తింటుండగా ఫోను మోగింది. ఆదాము. భావన లేచి దూరంగా వెళ్ళింది.

"అమ్మా, పాప చెయ్యి ఎలా ఉంది?" అన్నాడాయన. "కంపెనీవాళ్ళు ఫొటో పంపారు. మా ఇంటిని యాప్‌లోంచి తీసేశామన్నారు. అది సరే. పాపకి జ్వరం గానీ వచ్చిందా?"

లేదని చెప్పింది భావన.

"పొద్దుట్నుంచీ వెతుకుతున్నానమ్మా. మంచం విప్పి ఎండలో పెట్టాం. సారా మంచం కోళ్ళ మీద మరిగే నీళ్ళు పోసింది. నాకు ఒక్కటీ కనబడలేదు. నా కళ్ళు నీకు తెలుసుగా. ఎక్కడ చూశావో చెబితే అక్కడ వెతుకుతా."

చెప్పేయడానికి ఆమెకి అప్పుడొక అవకాశం ఉంది. నోరు తెరిచింది కూడా.

"పరుపు అంచుల్లో" అంది.

"అంచుల్లోనా" అన్నాడాయన. "క్షమించమ్మా. చిన్నపిల్ల పడుకున్న చోట ఇలా జరిగింది." ఫోను పెట్టేశాడు.

భావన తిరిగొచ్చి కూర్చుంది. మిగిలిన చపాతీ తినలేకపోయింది. ఆ మధ్యాహ్నమంతా పిల్లలు ఒక్కొక్క ఆట ఎక్కుతుంటే కింద నిలబడి చేతులూపింది. మొదటిసారి అబద్ధం కంపెనీకి చెప్పానని అనుకోవచ్చు. రెండోసారి ఆ ముసలాయనకే చెప్పింది, పైగా ఆయన చేతే క్షమాపణ చెప్పించుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం రైలు. డబ్బా ఇచ్చి వెళదామని భర్తతో అంది. ఆయనకి ఆ తిరుగుడు ఎందుకో అర్థంకాలేదు గానీ, సామాన్లతో సహా ఆటోలో ఫిల్మ్‌నగర్ వచ్చారు. తనొక్కతే వెళ్ళొస్తానని భావన వాళ్ళని సందు మొదట్లో ఆటోలోనే ఉంచింది.

పక్కింటి కొమురమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. భావన ఎవరో ఆమెకి తెలియదు. గది కోసం వచ్చినవా అని అడిగి, తనే చెప్పింది: "ఇప్పుడు ఇస్తలేరు బిడ్డా. ఎవరో వచ్చి నల్లులున్నయని రాసిన్రంట. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, ఆ సారమ్మ ఇల్లు అద్దం లెక్క ఉంటది. నిన్నటి సంది ఆమె బయటికే వస్తలేదు."

భావన మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళింది. పరుపు నాలుగు వైపులా విప్పేసి ఉంది. పాత చీర మీద బూరుగుదూది పరిచారు. గాలికి ఎగరకుండా సారా చుట్టూ ఇటుకలు పెడుతోంది. వేడినీళ్ళు పడి ఆమె ముంజేతులు ఎర్రగా కమిలాయి. ఆదాము ముక్కుకి దగ్గరగా గుడ్డ అంచుని పట్టుకుని కుట్టు కుట్టూ చూస్తున్నాడు. భావనని చూసి కుర్చీ కోసం లేవబోయాడు.

"కూర్చోను అంకుల్" అంది భావన. "నల్లులు లేవు. నేను చూడలేదు. పాపకి రైల్లో దోమ కుట్టింది. డబ్బు వెనక్కి రావాలని అలా రాశాను. నిన్న మీకు చెప్పింది కూడా అబద్ధమే."

ఆదాముకి వెంటనే అర్థం కాలేదు. "అంటే లేవా?" అన్నాడు. ఆయన ముఖంలో మొదట కనిపించింది కోపం కాదు, ఊరట. అది చూశాక ఆమెకి అక్కడ నిలబడటం ఇంకా కష్టమైంది. తర్వాత ఆయన గుడ్డ కిందపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

సారా చేతిలో ఇటుక దించింది. "నేను వంట చేసి ఇచ్చేటప్పటికే రాసేశావా?" అని అడిగింది. భావన తలూపింది. పరుపుకి డబ్బిస్తానని, తనకి తోచినట్టు ఏదో అనబోతే సారా ఆపింది.

"అదేం వద్దు. ఈ మాట వాళ్ళకి చెప్పు. ఇప్పుడు, నేను వింటుండగా."

భావన కంపెనీకి ఫోను చేసి, అవతలి గొంతు సారాకి వినబడేలా పెట్టింది. ఒక కుర్రవాడు మర్యాదగా వివరాలన్నీ రాసుకున్నాడు. "అంటే మీ ఫిర్యాదు పొరపాటున ఇచ్చారని రాసుకోమంటారా మేడం?"

"పొరపాటు కాదు. అబద్ధం. తెలిసే రాశాను."

ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటామని, ఆమె ఖాతా మూసేస్తామని, ఇంటి విషయం విచారించి చూస్తామని అతను చెప్పాడు. ఫోను పెట్టేసి తిరిగితే మెట్ల పైన సాయిశ్రీనివాస్ నిలబడి ఉన్నాడు. ఆలస్యమవుతోందని పిలవడానికి వచ్చాడు. ఆయన పక్కన నిఖిల్, రెండు మెట్ల కింద పూజిత. ఎంతవరకు విన్నారో అడగనక్కర్లేకపోయింది. సాయిశ్రీనివాస్ ఆదాముకి రెండు చేతులూ జోడించి, కొడుకు భుజం పట్టుకుని కిందికి దిగాడు. భావన డబ్బాని గోడ మీద పెట్టింది. సారా దాన్ని తీసుకోలేదు, వద్దనీ అనలేదు.

రైల్లో ఆయన ఆమెతో మాట్లాడలేదు. భీమవరం దగ్గరపడ్డాక, తిడితే బాగుండునని ఆమే అంది. "దూరమైతే దూరమయింది భావనా. ఆ మాట ఒప్పుకుంటే నేనేమన్నా చంపేవాణ్ణా?" అన్నాడు. నిఖిల్ కిటికీ వైపు తిరిగి, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదని ఆమెకి తెలుసు.

మూడు వారాల తర్వాత ఆ ముందుగది మళ్ళీ యాప్‌లో కనిపించింది. తన ఖాతా పోయింది కాబట్టి భావన బడిలో తోటి టీచరమ్మ ఫోనులో చూసింది. మంచం ఫొటో కొత్తగా తీసినట్టుంది. ఆ సాయంత్రం ధైర్యం చేసి ఫోను చేసింది. సారా తీసింది. గది మళ్ళీ ఇస్తున్నారట కదా అని భావన అంటే, అవునంది. నిన్నే కర్నూలు నుంచి ఒక కుటుంబం దిగిందని చెప్పింది. ఆంటీ, చేతుల మంట తగ్గిందా అని అడిగితే తగ్గిందంది.

పాప గురించి ఆవిడ అడుగుతుందేమోనని భావన కాసేపు ఆగింది. సారా అడగలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి, మెల్లగానే, ఫోను పెట్టేసింది.