ఇవాళ్టిది వేసుకున్నానా

జాలీ తలుపు లాగి, ఇత్తడి పిడి తిప్పి, రెండో అంతస్తు దాటాక లిఫ్టాయనకు అనుమానం వచ్చింది: ఇవాళ్టిది వేసుకున్నానా?

పొద్దున అక్కకు పాలు కాచి ఇవ్వడం గుర్తుంది. నీళ్ళతో మాత్ర మింగడమూ గుర్తుంది. అది ఇవాళో, నిన్నో తేలడం లేదు. పొద్దులన్నీ కడిగి ఒకదాని మీద ఒకటి బోర్లించిన పళ్ళాల్లా ఉన్నాయి.

"బాబాయ్, నేను నాలుగన్నాను. ఇది ఆరు," అన్నాడు ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా. "ప్రమోషనేమైనా ఇప్పించావా నాకు?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. లిఫ్టాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఉన్నది అక్క ఒక్కతే. స్నానాలగదిలో జారి తుంటి విరిగినప్పటి నుంచి ఆమెను మంచం మీంచి లేపేదీ, కుర్చీలో కూర్చోబెట్టేదీ ఆయనే. ఎముకల్లో బలం లేదని డాక్టరు ఆమెకు విటమిన్ డి మాత్ర రాశాడు, వారానికి ఒకటి. "నువ్వూ ఆ లిఫ్టు డబ్బాలో ఎండ పొడ లేకుండా పడి ఉంటావు కదరా, వేసుకో," అని వారం వారం ఆమె తన మాత్రల్లోంచి ఒకటి తమ్ముడి చేతిలో పెట్టేది.

ఒకరోజు ఆమెను లేపుతుంటే ఆయన మోకాలు మడత పడింది. గోడ ఉండబట్టి ఇద్దరూ నిలిచారు. అక్క చేతులు ఆయన మెడ చుట్టూ బిగుసుకుపోయాయి, చాలాసేపటిదాకా వదల్లేదు. తాను పడితే ఈమెనెవరు లేపుతారు? మర్నాడు ఆమెకు చెప్పకుండా పక్కవీధిలో అవే మాత్రలు కొని కోటు జేబులో పెట్టుకున్నాడు. రోజుకొకటి. బలానికి వేసుకునేది ఎక్కువైతే మాత్రం ఏమవుతుంది?

కొన్నాళ్ళకు నోరు పిడచకట్టుకుపోవడం మొదలైంది. లిఫ్టులో మేకుకు తాడుతో నీళ్ళసీసా వేలాడదీశాడు. ఆకలి చచ్చింది, కడుపు బిగిసింది, కాళ్ళు లాగేశాయి. ఎముకల నీరసమే అనుకున్నాడు. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండేది కాదు. గుర్తులేనప్పుడు వేసుకోవడమే మేలని ఇంకొకటి వేసుకునేవాడు. మరుపు పెరిగింది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఆయన్ని చూసి, "ఎవరండీ మీరు?" అని మర్యాదగా అడిగేది. ఆ మరుపే ఇన్నాళ్ళకు తనను వెతుక్కుంటూ వచ్చిందని లోలోపల వణికేవాడు. అక్కను అలా అడిగే రోజు వస్తే?

ఖాళీ లిఫ్టు కిందికి దిగుతుండగా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. లిఫ్టు అద్దంలోని మనిషి కూడా తీశాడు. వాడు వేసుకున్నాడేమో, నేను వేసుకోలేదేమో అనుకున్నాడు. ఆ ఆలోచనలో ఏదో తప్పుందని తెలిసింది. ఎక్కడుందో తెలియలేదు.

కింది అంతస్తులోనే ఉన్న మందుల షాపు అమ్మాయి భోజనం డబ్బాతో లిఫ్టు ముందు నిలబడి ఉంది.

"ఏంటి బాబాయ్ అది? ఇలా ఇవ్వు."

"బలానికమ్మా. ఎముకలకి."

"ఎన్నాళ్ళకోసారి వేసుకుంటున్నావు?"

"రోజూ. ఒక్కోరోజు గుర్తుండదు... మళ్ళీ వేసుకుంటా."

ఆమె అట్టను చూసి, మేకుకున్న సీసాను చూసింది.

"అందుకా ఆ నీళ్ళు తాగడం! ఇది వారానికొకటే. అదీ డాక్టరు చెప్పినన్నాళ్ళే. ఎక్కువైంది బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. ఈ దాహం, ఈ మరుపు దానివల్లే అయ్యుంటాయి. పద, ఆసుపత్రికి."

"అయితే మా అమ్మకొచ్చింది కాదా ఇది?"

"మీ అమ్మకేమొచ్చిందో నాకేం తెలుసు? పద ముందు."

తలుపు వేయబోయి, తాను లిఫ్టు బయటే ఉన్నానని గమనించాడు. ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉంది. పోయింది భయమేనని కాసేపటికి తట్టింది. అది ఉండే చోట ఏం పెట్టుకోవాలో తోచలేదు.

"విడిగా కొన్నానని అక్కకి చెప్పకమ్మా," అన్నాడు బండి ఎక్కుతూ.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మనసు నిజంగానే తేటపడింది. ఒక పొద్దున నర్సును, "మా అక్క పాలు తాగిందా?" అని స్పష్టంగా అడిగాడు. కానీ ఆ కాల్షియంతో కిడ్నీలు అప్పటికే చెడిపోయాయి. ఆ వారం దాటకుండానే ఆయన పోయాడు.

ఆయన వస్తువులేమైనా ఉంటే తీసుకెళ్ళడానికి అక్కను చక్రాల కుర్చీలో లిఫ్టు దగ్గరికి తీసుకొచ్చింది షాపు అమ్మాయే.

"వారానికొకటే ఇచ్చానమ్మా," అంది అక్క. "నేనూ అదే వేసుకున్నా. నాకేం కాలేదే?"

బండి ఎక్కుతూ ఆయన అన్నమాట అమ్మాయికి గుర్తొచ్చింది.

"నువ్విచ్చినవాటివల్ల కాదు పెద్దమ్మా. ఆయన విడిగా కొనుక్కుని రోజూ వేసుకున్నాడు. బలానికన్నాడు."

"అంత బలం వాడికెందుకు?" అంది అక్క.

 అమ్మాయి ఆయన కోటు మడిచి ఆమె ఒళ్ళో పెట్టింది. సీసా సంగతి ఎవరికీ తట్టలేదు. కొత్తగా వచ్చిన లిఫ్టాయన పిడి తిప్పాడు. ఆగిన ప్రతి అంతస్తు దగ్గరా, సగం నీళ్ళున్న ఆ సీసా తాడు మీద కాసేపు ఊగి, ఆగుతోంది.