మెర్వ్ హారన్

కెల్విన్ ట్రెగోవన్ ప్రతి శనివారం ఫుట్‌బాల్ ఆటకు ముందు బట్టలు మార్చుకునే గది వెనక్కి వెళ్లి, నీళ్ల ట్యాంకు చాటున తిన్నదంతా కక్కుకునేవాడు. ఆ సంగతి యారంబూల్ ఊరంతటికీ తెలుసు. తెలియనట్టు నటించేంత మర్యాద మాత్రం అందరికీ లేదు.

అతనికి భయం. దేనికి భయమో కూడా అందరికీ తెలుసు, ఎందుకంటే దేశమంతా టీవీలో చూసింది. చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కు మెల్‌బోర్న్ క్లబ్బులు కుర్రాళ్లను ఏరుకునే డ్రాఫ్టు రోజున అతని పేరు రెండోదిగా పిలిచారు. గోధుమలు, గొర్రెలు తప్ప మరో గొప్ప లేని మల్లీ ప్రాంతం నుంచి అంత పైకి ఎవరూ పోలేదు. క్లబ్బు హాల్లో టీవీ ముందు కూర్చున్న జనం బల్లలెక్కి గెంతారు. ఊరి చివర ధాన్యం నిలవచేసే పెద్ద సైలో గోడ మీద అతని బొమ్మ వేయించాలని తీర్మానం కూడా చేసేశారు.

రెండో ఏడు ఒక ఆటలో బంతి ఆకాశంలోంచి దిగుతోంది. వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ దాని కిందికి చేరి చేతుల్తో పట్టాలి. వీపు మీదికి ఎవరు దూసుకొస్తున్నారో చూడకూడదు. పక్కటెముకలు విరిగినా సరే, కళ్లు బంతి మీదే ఉండాలి. మనిషన్నవాడి సత్తా అంతా అక్కడే తేలుతుందని ఆ దేశంలో ఉగ్గుపాలతో నూరిపోస్తారు. కెల్విన్‌కు వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తల తిప్పి చూశాడు, చేతులు ముడుచుకున్నాడు. బంతి నేల మీద పడింది, అవతలివాడు దాన్ని అందుకుని గోలు కొట్టాడు, ఆట పోయింది. ఆ తల తిప్పడాన్ని వారాల తరబడి టీవీలో తిప్పి తిప్పి చూపించారు. ఇంత దండగమారి ఎంపిక ఎన్నడైనా జరిగిందా అని పెద్ద పెద్దవాళ్లు కూర్చుని చర్చించారు. మరుసటి ఏడాది క్లబ్బు అతన్ని వదిలించుకుంది. సైలో మీద చివరికి ఎవరిదో పెంపుడు కుక్క బొమ్మ వేశారు.

ఇంటికొచ్చి గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలో చేరాడు. ఊరి జట్టుకు మనుషులు చాలక అతన్ని గోలు స్తంభాల ముందు ఆఖరి కాపలాకు నిలబెట్టారు. వద్దనడానికీ భయమే. ఆ ఊళ్లో శనివారం ఆడనివాడికి ఆదివారం పలకరింపులుండవు.

ఇక మెర్వ్ హాలహన్ సంగతి. వ్యవసాయం కొడుక్కి అప్పజెప్పి ఖాళీగా ఉన్న ముసలాయన. మైదానం చుట్టూ కంచెకు ముక్కు ఆనించి కార్లు నిలబెట్టుకుని లోపల కూర్చునే ఆట చూడటం అక్కడి అలవాటు. మనవాళ్లు గోలు కొడితే చప్పట్లుండవు, కార్లన్నీ హారన్లు కొడతాయి. మెర్వ్ ట్రక్కు ఎప్పుడూ దక్షిణం వైపు గోలు స్తంభాల వెనకే ఉండేది. జట్లు వైపులు మారుతుంటాయి కాబట్టి, అంటే సగం ఆటసేపు కెల్విన్ వీపు వెనక. కెల్విన్ బంతికి బెదిరిన ప్రతిసారీ పీ, పీ, పీ అని వెక్కిరింత మోత. నెత్తిన టోపీ తియ్యడు, నోట్లో మాంసం కూరిన 'పై' రొట్టె ఉన్నా మాట ఆపడు.

"ఏం ట్రెగ్గా, వెనకెవరైనా ఉన్నారా? ఒకసారి చూసుకోవోయ్" అని కిటికీలోంచి అరిచేవాడు.

కెల్విన్ నిజంగానే చూసుకునేవాడు. ఆ ఒక్క తల తిప్పడం అతని మెడలో తిష్ట వేసుకుని కూర్చుంది. నిద్రలో కూడా చూసుకుంటాడని వాళ్లమ్మ ఎవరితోనో అని నాలుక్కరుచుకుంది.

ఆ ఏడు యారంబూల్ సెమీఫైనల్ దాకా వచ్చింది. గెలిస్తే ఫైనల్. ఊరు ఫైనల్ మొహం చూసి ఒక తరం దాటింది. ఆటలో ఆఖరి పావు భాగంలో మనవాళ్లు ఉత్తరం వైపు గోలు కొట్టి ముందుకొచ్చారు. కార్లన్నీ ఒక్కసారిగా మోగాయి. దక్షిణాన ఒంటరిగా నిలబడ్డ కెల్విన్‌కు సంతోషం కలగలేదు. ఇక బంతి తన వైపే వస్తుంది.

హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒకటి మాత్రం ఆగలేదు. అతని వీపు వెనకున్నది.

"ఈ ముసలాయనకి బ్యాటరీ మీద జాలి లేదురా బాబూ" అన్నారెవరో కంచె దగ్గర. జనం నవ్వారు. మెర్వ్ అంటే అంతే కదా.

ఆట మళ్లీ మొదలైంది. అవతలివాళ్లు మధ్యలో బంతి లాక్కుని దక్షిణానికి ఎత్తుగా తన్నారు. బంతి పైకి లేచింది. కెల్విన్ వెనక్కి అడుగులు వేశాడు. అవతలి జట్టు దున్నపోతులాంటివాడు ఒకడు పరిగెత్తుకొస్తున్న చప్పుడు నేలలోంచి కాళ్లలోకి ఎక్కుతోంది. హారన్ ఇంకా మోగుతూనే ఉంది. ఎత్తూ పల్లం లేకుండా, ఒకటే మోత. అదే అతనికి నచ్చలేదు. మెర్వ్ హారన్ అతనికి తెలిసినంతగా మెర్వ్ భార్యకు కూడా తెలియదు. ఆ మోతలో ఎప్పుడూ ఒక వెక్కిరింత ఉంటుంది. ఇందులో మనిషే లేడు.

తల తిప్పాడు.

ట్రక్కు అద్దం వెనక మెర్వ్ బట్టతల కనిపించింది. టోపీ లేదు. తల స్టీరింగు మీద ఉంది.

వేళాకోళమేమో. తనని ఆట పట్టించడానికి అంత పనీ చేసే మనిషే. ఇప్పుడు బంతి వదిలి వెళితే, అక్కడ ముసలాయన తలెత్తి పళ్లికిలిస్తే, ఈ ఊళ్లో ఇక తలెత్తుకు తిరగడం అనేది ఉండదు. టీవీ వాళ్లయినా ఏదో ఒకనాటికి మరిచిపోయారు, యారంబూల్ మరిచిపోదు. కెల్విన్ అంత భయపడింది ఆ బతుకులో ఎప్పుడూ లేదు. పైన బంతి దిగుతోంది.

బంతిని వదిలేసి కంచె వైపు పరిగెత్తాడు.

"పారిపోతున్నాడ్రోయ్!"

"మళ్లీనా? ఒరేయ్ ట్రెగ్గా, సిగ్గులేని వెధవా!"

బంతి ఎవరూ లేని చోట పడింది. అవతలివాడు నింపాదిగా గోలు కొట్టాడు. కోచ్ డెస్ కంచె పక్కన టోపీ నేలకేసి కొట్టి నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. కెల్విన్ అవేవీ వినలేదు. కంచె దూకి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ముసలాయన భుజం పట్టి వెనక్కి లాగాడు.

హారన్ ఆగింది.

అప్పుడు అర్థమైంది అందరికీ. ఆట ఆగిపోయింది. కెల్విన్ మెర్వ్‌ను తలుపులోంచి ఈడ్చి గడ్డి మీద పడుకోబెట్టాడు. మొహం బూడిద రంగులో ఉంది. ఊపిరి లేదు. రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి నొక్కడం మొదలెట్టాడు. లోపల ఏదో పటుక్కుమంది. చంపేస్తున్నానేమో అనుకున్నాడు, కానీ ఆపలేదు.

"నొక్కు, నొక్కు, ఎముకలు విరిగితే విరగనీ" అంటూ పక్క కోర్టులో నెట్‌బాల్ ఆడుతున్న నర్సు బ్రొన్విన్, క్లబ్బులోని, ఆగిన గుండెను మళ్లీ కొట్టించే మిషను పెట్టె చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మిషను ఒక కరెంటు దెబ్బ కొట్టింది. ఇంకొక దెబ్బ కొట్టింది. మెర్వ్ భార్య థెల్మా టీ కప్పు చేత్తో పట్టుకునే వచ్చి అలాగే నిలబడిపోయింది. మెర్వ్ గురక లాంటి చప్పుడు చేశాడు. కెల్విన్ నీళ్ల ట్యాంకు చాటుకు కూడా పోలేదు, అక్కడే అందరి ముందూ కక్కుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత మిగిలిన కాసేపూ ఆడారు, ఆ గోలు తేడాతోనే ఆట పోయింది. డెస్ దాని మాట ఎత్తలేదు. ఎత్తినవాణ్ణి బార్‌లో ఒకరు బయటికి తీసుకెళ్లి ఏదో చెప్పి తీసుకొచ్చారట.

కెల్విన్‌కు మాత్రం నిద్ర పట్టలేదు. ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చుని మనసులో నలుగుతున్న మాట ఆయనకే చెప్పాడు.

"మెర్వ్, మీకోసమే చూశానని అందరూ అంటున్నారు. నాకు తెలీదండీ. వాడు మీద పడతాడని భయమేసి తల తిప్పానేమో. మీరు కనపడ్డారు, అంతే."

మెర్వ్ పక్కటెముకలు పట్టుకుని మెల్లగా కదిలాడు.

"ఓడిపోయారటగా. బంతి పట్టేసి రావలసింది."

"అప్పటికి మీరు పోయేవారు."

"అదీ నిజమేలే. అక్కడ ఊరంతా ఉందిరా అబ్బాయ్. ధైర్యంగల మారాజులే అందరూ. ఒక్కడైనా ఇటు చూశాడా? పిరికివాడివి కాబట్టి చూశావు. ఇన్నేళ్లు నిన్ను వెక్కిరించినందుకు నా ఎముకలు విరగ్గొట్టావు. చెల్లుకు చెల్లు."

కెల్విన్ నవ్వబోయి ఏడ్చాడు. ముసలాయన అటు తిరిగి కిటికీలోంచి పార్కింగు చూస్తున్నట్టు నటించాడు.

మరుసటి సీజన్ మొదటి ఆటకు కెల్విన్ మళ్లీ ట్యాంకు వెనక్కి వెళ్లి వచ్చాడు. భయం పోలేదు. దానికి తోడు కొత్తదొకటి చేరింది: మొదటి గోలు పడగానే హారన్లు మోగుతాయి, అందులో ఒకటి ఆగకపోతే? బంతి కన్నా దాన్ని తలుచుకునే అతనికి చెమటలు పట్టాయి.

ఉత్తరాన గోలు పడింది. కెల్విన్ హారన్లకు చెవి ఒగ్గాడు.

పీ, పీ. కార్లన్నీ రెండే పొట్టి మోతలు మోగించి, ఒక్కసారిగా ఆపేశాయి. అతనికి అర్థం కాక చుట్టూ చూశాడు. కంచె పొడవునా మనుషులు స్టీరింగు మీది చేతులు తీసి, కిటికీల బయట పెట్టి, అతనికి కనిపించేలా ఉంచారు. పైఊరి కార్ల దగ్గర డెస్ తిరుగుతూ, అద్దాలు తట్టి ఏదో చెబుతున్నాడు. యారంబూల్‌లో ఇప్పటికీ అదే పద్ధతి. కారణం అడిగితే ఎవరూ చెప్పరు.

బంతి లేచి ఇటు వచ్చింది. కెల్విన్ దాని కింద వెనక్కి పరిగెత్తాడు. అడుగుల చప్పుడు వినిపించింది, మెడ బిగుసుకుంది.

"ఇటు చూడక్కర్లేదోయ్" అని వెనక ట్రక్కులోంచి గొంతు వినిపించింది. "బతికే ఉన్నాను. బంతి చూడు."

చూశాడు. పట్టాడు. దున్నపోతులాంటివాడొకడు మీద పడ్డాడు, ఇద్దరూ దొర్లారు, బంతి అతని చేతుల్లోనే ఉంది. పీ, పీ.

లేచి దుమ్ము దులుపుకుని, ఎందుకైనా మంచిదని, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ముసలాయన నెత్తిన టోపీ ఉంది.