తొమ్మిది గంటల పండ్రెండు నిమిషములు

శ్రావణమాసారంభమున, రాత్రియంతయు కురిసి అలసిన మేఘములు పడమటి కొండలను ఆనుకొని విశ్రమించుచుండగా, నురుగుతరగల సముద్రము ఋషికొండ పాదములను పదే పదే కడుగుచుండగా, బాలభానుని లేతకిరణములు సోకి ఆ కొండమీది అద్దాలమేడ పసిడివన్నెతో ధగధగ మెఱయుచున్న ఒక మంగళవారపు ఉదయమున, ఆ మేడ మూడవ అంతస్తునందలి ఏడుగురి జట్టునకు మాత్రము వెలుగన్నది కానరాకుండెను. కారణము ఒక్క అంకె. ఆ అంకె పదునొకండు.

వారు ఆసుపత్రులలోని మందుల నిలువను కనిపెట్టి చూచు సాఫ్ట్‌వేరును వ్రాయువారు. వారి ప్రతి పనికిని కంప్యూటరు తెరమీది బోర్డున ఒక కార్డుండును. ఆ కార్డును ‘మొదలైనవి’ అను గడిలోనికి జరిపిన క్షణము మొదలుకొని అది ‘పూర్తయినవి’ అను గడిని చేరువఱకు పట్టిన కాలమును సైకిల్ టైమ్ అందురు. ప్రధాన కార్యాలయాధిపతి భుజంగరావు ఆ కాలమునకు ఆఱు దినములు హద్దని విధించి, హద్దు దాటిన జట్టును విడగొట్టి తలకొక ఊరికి పంపెదనని లేఖ వ్రాసియుండెను. ఈ జట్టు సగటు పదునొకండు దినములని రిపోర్టు పలికెను. ఆయన ఆనాటి మధ్యాహ్నము మూడు గంటలకు రానుండెను. మంగళవారము మూడు గంటలన్న సరిగా రాహుకాలారంభమని జట్టు నాయకుడు యజ్ఞనారాయణ ఉదయమునుండియు గొణుగుచునే యుండెను.

శ్రీకాకుళమునుండి వచ్చి, ఈ ఏడుగురి నడుమనే పని నేర్చి, మూడేండ్లుగా వారితోడనే భోజనపు డబ్బా విప్పుచున్న సువర్చలకు జట్టు చీలుట యన్న ఇల్లు కూలినంత బాధగా నుండెను. ‘మేమింత మందగొడులమా?’ అని రోషము వచ్చి ఆమె రిపోర్టునకు మూలమైన పట్టికను తెఱచి వరుసగా చదువ మొదలిడెను. మొదటి కార్డు సోమవారము తొమ్మిది గంటల పండ్రెండు నిమిషములకు ఆరంభమయ్యెను. రెండవదియు అంతే. మూడవదియు అంతే. పదునెనిమిదవది చూచునప్పటి కామె కుర్చీనుండి ఎగిరి నిలిచెను.

“గురువుగారూ, ఒక్కపాలి ఇటు రండి! ఏడుగురం కలిసి పద్దెనిమిది పనులు ఒక్క నిమిషంలో ఎలా మొదలెట్టీసేమండీ?”

యజ్ఞనారాయణ వచ్చి చూచెను. ఏబదియేండ్లు దాటిన ఆ సాధువర్తనుని మొగము క్షణములో వాడిపోయెను. బల్లసొరుగులో నున్న పంచాంగమువైపు చూచి తలవంచుకొనెను.

“అది నేనేనమ్మా. రాహుకాలం వెళ్లగానే మంచి లగ్నం చూసుకుని, రెండు వారాల కార్డులూ ఒకేసారి జరిపేస్తాను. ఆరంభం బాగుండాలని... నాలుగేళ్లుగా అదే అలవాటు.”

ఔరా! పదవనాడు చేపట్టబోవు పనికి సైతము మొదటినాడే గడియారము తిరుగసాగినది! జట్టు మేలు కోరి పెట్టిన ముహూర్తమే జట్టు కొంపమీదికి వచ్చినది. సువర్చలకు కోపము రాలేదు. పట్టరాని సంతోషము కలిగెను. వ్రాసిన ప్రతి పంక్తికిని తేదీ నుంచుకొను కోడు భాండారమును తెఱచి, ఏ పనికి తొలిపంక్తి ఎన్నడు పడెనో, తుదిపంక్తి ఎన్నడు పడెనో వెదకి వెదకి, భోజనమును మఱచి లెక్కించెను. మధ్యాహ్నము ఒంటిగంటకు సగటు తేలెను. రెండున్నర దినములు! జట్టువారు బల్లలు చఱచి కేకలు వేసిరి.

యజ్ఞనారాయణ యొక్కడే నవ్వలేదు. “కోడు రాయకముందు పని చదివి అర్థం చేసుకున్న రోజు ఏదమ్మా? అయిపోయాక పై అనుమతి కోసం ఆగిన రోజులేవి?”

“అనుమతిచ్చేది భుజంగరావుగారే కదండీ. ఆయనకే అది చూపిస్తే తప్పు పట్టినట్టుంటాది.”

“తప్పెవరిదని కాదు తల్లీ. అవతల మందు కోసం చూసేవాడికి ఆగిన రోజూ రోజే. నా తప్పు దిద్దడానికి నువ్వింకో తప్పు చెయ్యకు.”

ఆమె తిరిగి కూడెను. చదివిన దినమును చేర్పగా మూడున్నర. అనుమతికై వేచిన దినములను చేర్పగా ఆఱున్నర. హద్దునకు సగము దినము పైన! గెలిచిన ఆటను చేజేతుల ఓడినట్లయి ఆమెకు ఏడ్పు వచ్చెను. అయినను ఆ అంకెనే అచ్చు తీసెను.

మూడు గంటలకు సభ కూడెను. యజ్ఞనారాయణ తన ముహూర్తపు టలవాటును దాచక చెప్పెను. సువర్చల కాగితమును భుజంగరావు ముందుంచి ఆఱున్నర యని పలికెను. ఆయన కనుబొమలు ముడివడెను. వ్రేలితో కాగితమును తడవి తడవి యొకచోట నిలిచెను.

“ఈ మూడు రోజులు పనులెక్కడ ఆగాయి?”

సువర్చల తలయెత్తి ఆయనను చూచెను. “మీ దగ్గరేనండి.”

భుజంగరావు తన కంప్యూటరును తెఱచెను. అనుమతి కొఱకు వేచియున్న పనులు నాలుగు అందు వరుసగా నుండెను. వానిలో మొదటిది, ఒక ఆసుపత్రిలో పాముకాటు మందు నిండుకొనక మునుపే హెచ్చరించు పని. ఆయన చాలసేపు దానినే చూచి, “పదకొండు అని చదివి మిమ్మల్ని తిట్టాను. రెండున్నర అనుంటే మెచ్చుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఇది మాత్రం ఎప్పటికీ చూసేవాణ్ణి కాదు. జట్టు ఇలాగే ఉంటుంది,” అనెను. అంతట అనుమతి మీటపై వ్రేలు మోపబోయి ఏమో తోచి, యజ్ఞనారాయణవైపు చూచి చిఱునవ్వుతో నాగెను. “ఇప్పుడు నొక్కొచ్చాండీ?”

అందఱును గోడ గడియారమువైపు చూచిరి. మూడు గంటల నలుబది నిమిషములు. రాహుకాలము నడిమధ్య. నాలుగేండ్లలో ఎన్నడును ఆ వేళ ఒక కార్డునైనను కదలనీయని ఆ పెద్దమనిషి గొంతు సవరించుకొనెను.

“నొక్కండి సార్. పాము కరిచినవాడు రాహుకాలం చూడడు.”

నాలుగు కార్డులును ఒకదానివెంట నొకటి ‘పూర్తయినవి’ అను గడిని చేరెను. సువర్చల ఆనందము పట్టలేక కన్నీరు తుడుచుకొనెను.

తరువాతి సోమవారమున యజ్ఞనారాయణ మరల పంచాంగము చూచెను. అలవాటు అంత సులువుగా పోవునా? శుభలగ్నమున ఒక్క కార్డును మాత్రము జరిపి, ఆ క్షణముననే కుర్చీ లాగుకొని కూర్చుండి ఆ పనిని తానే మొదలిడెను. మిగిలిన కార్డులు తమ్ము చేపట్టు చేతులకై బోర్డుమీద ఊరక వేచియుండెను.