ఒక్కోదానికి ఒక్కో విండో

“మీ ఆయన మా గిడ్డంగికి ఎంత మేలు చేశారో మీకు చెప్పారా అమ్మా?” అనడిగాడు ఇంటికొచ్చిన మేనేజరు.

“దానికివేం తెలీవు లెండి సార్,” అన్నాడు భర్త, టీ కప్పులు పెడుతున్న ఆమె వైపు చూడకుండానే.

ఆమె చెయ్యి ట్రే మీదే ఆగిపోయింది. తెలీకపోవడమేమిటి? భర్త పనిచేసే ఆ గిడ్డంగిలో కంప్యూటర్ ప్రోగ్రాములన్నీ పాతకాలంవి. టెర్మినల్ అనే నల్లటి తెర తెరిచి కమాండు కొడితేనే నడుస్తాయి. ఒకదాంట్లోంచి బయటికొస్తేగాని ఇంకోటి తెరుచుకోదు. అక్కడివాళ్లు తలలు పట్టుకుంటుంటే, “ఖాళీగానే ఉంటావుగా, కాస్త చూసిపెట్టు,” అని భర్త లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఖాళీయట! కుక్కర్ కూతలకీ, పిల్ల హోంవర్కుకీ, అత్తగారి మందులకీ మధ్య కూర్చుని, ఒక్కో ప్రోగ్రాముకీ ఒక్కో ఐకాన్ చేసింది. నొక్కితే చాలు, టెర్మినల్ దానంతటదే తెరుచుకుని, ఆ ప్రోగ్రాము తన విండోలో తను నడుస్తుంది. చూపు తగ్గిన గుమాస్తా ఒకావిడ ఉందని విని అక్షరాలు పెద్దవి చేసింది. పెళ్లికి ముందు ఇలాంటి పనికే ఆమెకు జీతమిచ్చేవారు. అత్తగారేమో, “ఎంతసేపూ ఆ పెట్టె ముందేనా, వాడొచ్చే వేళయింది,” అని సణిగేది.

“నేను చేశానని చెప్పారా?” అని ఆమె భర్తని ఒకసారి అడిగింది కూడా. “చెప్పకుండా ఉంటానా? అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారు,” అన్నాడు. ఆ మాట తలుచుకుని గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీసింది. ఎంత పిచ్చిది!

“రెండు ఆదివారాలు కూర్చున్నా సార్,” భర్త ఇంకా చెబుతూనే ఉన్నాడు.

“బాగుందయ్యా. కానీ పొద్దున్నుంచి రిపోర్టు ఐకాన్ నొక్కితే విండో ఇలా వచ్చి అలా పోతోంది. అందుకే వచ్చాను,” అని మేనేజరు లాప్‌టాప్ తెరిచాడు.

భర్త నొక్కాడు. వచ్చింది, పోయింది. మళ్లీ నొక్కాడు. మెల్లగా ఆమె వైపు చూశాడు.

చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. ప్రోగ్రాము ఏదో తప్పుతో ఆగిపోతోంది. ఆగగానే, ఆ తప్పేమిటో చదివేలోపే, విండో మూసుకుపోతోంది. ఎంటర్ కొట్టేదాకా ఉండమని ఒక్క లైను చేరిస్తే చాలు, ఆ తప్పేమిటో కనబడుతుంది.

“మంచినీళ్లు తాగొస్తాను సార్,” అని భర్త వంటింట్లోకి వెళ్లాడు. తన వెనకే వచ్చి చెవిలో చెబుతుందని అతని ధీమా. ఇన్నాళ్లూ అలాగే జరిగింది మరి.

ఆమె అతని వెనక వెళ్లలేదు. అతను లేచిన కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

“ఇది రాసింది నేనే సార్. మీ గిడ్డంగిలో నాకో ఉద్యోగమిస్తే, రేపొచ్చి అక్కడే బాగుచేస్తాను.”