గాల్లో బిగించిన బోల్టు

కారు కుదుపును మింగే రబ్బరు బుష్షును గాల్లో బిగించకూడదు. బండిని జాకీ మీంచి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక, కిందికి దూరి బోల్టు బిగించాలి. లేకపోతే బరువు పడగానే రబ్బరు మెలితిరిగి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. ముప్పై ఏళ్లుగా కట్టంగూర్‌లో కార్లు బాగుచేస్తున్న నాకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

శ్రవణ్‌కుమార్ తన తండ్రి కొన్న పాత అంబాసిడర్ తెచ్చాడు. వాళ్లమ్మ లీలమ్మను వారానికి మూడుసార్లు నల్లగొండకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న నడుము ఆమెది. బుష్షులు అరిగిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా కారు ధన్‌మని కొట్టేది. ఆమె ఏడ్చేది.

"గోపన్నా, అమ్మ ఇగ రానంటాంది. మానేస్తే బతకదన్నరు డాక్టర్లు."

"ఫికర్ చెయ్యకు. కడుపుల సల్ల కదలకుంట పోతది," అన్నాను. ఇంటికి పోయి లీలమ్మకూ అదే మాట చెప్పాను.

కొత్త బుష్షులు ఎక్కించి కారు దించాను. కిందికి దూరబోతే నా పొట్ట అడ్డం, నా నడుము వంగదు. ఎదురుగా ఐలేశం షెడ్డులో కారు కింద నిలబడి పనిచేసే గొయ్యి ఉంది. కానీ నా దగ్గర పని నేర్చి నా ఎదురుగానే షెడ్డు పెట్టినవాడు ఐలేశం. వాడి గడప తొక్కడమా? చస్తే తొక్కను. కారును మళ్లీ జాకీ మీదికి లేపి గాల్లోనే బిగించేశాను.

పదిహేను రోజులకే రబ్బరు చిరిగింది. లీలమ్మ సగం దారిలో కారు దిగి, రోడ్డు పక్కన కూర్చుని, ఇంటికి తీసుకుపొమ్మని ఏడ్చిందట. ఆ తర్వాత ఆ కారే కాదు, ఏ బండీ ఎక్కలేదు.

సిగ్గు విడిచి ఐలేశం దగ్గరికి పోయి జరిగింది చెప్పాను.

"ఉస్తాద్, గీ మాట మొన్ననే అడిగితె అయిపోతుండె గదా," అన్నాడు వాడు.

ఇద్దరం కలిసి మళ్లీ కొత్త బుష్షులు వేసి, బరువు మీదే బిగించాం. గతుకుల మీద నేనే నడిపి చూశాను. చప్పుడు లేదు.

నేరుగా లీలమ్మ ఇంటికి పోయాను. డయాలసిస్ మానేసి అప్పటికి వారం దాటింది. ముఖం, కాళ్లు ఉబ్బి మంచంలో పడి ఉంది.

"పెద్దమ్మా, తప్పు నాదే. పని సక్కగ చెయ్యలే. గిప్పుడు బాగైంది. ఒక్కపారి ఎక్కు, నీ కాళ్లు మొక్కుత."

ఆమె కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"మొన్న గూడ గిట్లనే అన్నవు గదా బిడ్డా," అంది.

గోడ వైపు తిరిగింది. శ్రవణ్ ఎత్తుకోబోతే చెయ్యి విదిలించింది. మూడో నాడు పోయింది.

శ్రవణ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.