తేరిన మందు

దేవరకొండ అంగడి రోజున మెహమూద్ మందుల దుకాణంలో మొదటి బేరం కాటమయ్యదే. సీసా తనే కడిగి తెచ్చుకుంటాడు. పెద్ద డాక్టరు రాసిచ్చిన చీటీ మడతల దగ్గర చిరిగిపోతున్నా, దాన్ని విప్పి చూపించనిదే సీసా చేతికివ్వడు. తగ్గేదాకా ఇదే మందు ఇస్తూ ఉండమని అందులో ఉన్న సంగతి ఇద్దరికీ కంఠతా వచ్చు. మెహమూద్ తెల్లటి మందు కలిపి పోస్తాడు, కాటమయ్య చంకన పెట్టుకుని పోతాడు. చలికాలమంతా ఇదే తంతు. నయా పైసలు కొత్తగా వచ్చి జనం లెక్కలు తప్పుతున్న కాలమది. మందుల విషయంలో మాత్రం ఎప్పటిలాగే తప్పుతున్నారు.

కాటమయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. కడుపులో పుండు పడింది. నొప్పి లేస్తే ఉన్నచోటనే వంగిపోతాడు, అలాంటివాడు చెట్టెక్కేదెట్లా? తన చెట్లు కూడా తమ్ముడు బాలస్వామే గీస్తున్నాడు. ఎండలు ముదిరేలోగా నువ్వు ఎక్కకపోతే చెట్లు వేరేవాళ్లకిస్తానని కల్లు గుత్తేదారు ముఖం మీదే చెప్పేశాడు. మందుకు లొంగకపోతే పట్నంలో కడుపు కోయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కోసిన కడుపుకు మోకుతాడు బిగించుకుని ఎక్కినవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. చెట్లు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఒక వారం అతని వెంట భార్య లక్ష్మీనర్సమ్మ కూడా వచ్చింది. వచ్చీ రాగానే అడిగేసింది.

"సాబ్, చలికాలం సంది తాగుతాండు. జరంత గూడ తక్కువైతలేదు. నీ మందుల దమ్ము లేదా, మా నసీబుల లేదా?"

మెహమూద్‌కు రోషం వచ్చింది. మందు కలపడంలో అతని చేతికి వంక పెట్టినవాళ్లు లేరు. కానీ రోషం వెనకే సిగ్గు కూడా వచ్చింది. సీసా రావడం, నింపడం, పంపడం తప్ప ఇన్నాళ్లలో కాటమయ్యను ఒక్క మాట అడిగింది లేదు.

"కాటమయ్యా, ఇంట్ల ఎట్ల తాగుతవో గట్లనే నా ముంగట తాగు" అన్నాడు.

కాటమయ్య గ్లాసు అడిగాడు. నింపిన సీసాను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏం జూస్తున్నవ్?"

"తేరనియ్యి సాబ్."

తెల్లదనమంతా మెల్లగా అడుక్కి దిగింది. అప్పుడు కాటమయ్య నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు సీసాను ఎత్తి, మెల్లగా వంచి, పైనున్న తేటను గ్లాసులోకి వంపాడు. నలుసు కూడా కదల్లేదు. ఒక్క గుక్కలో తాగేశాడు. మిగిలింది మోరీలో పారబోయడానికి లేచాడు. మెహమూద్ చెయ్యి పట్టుకున్నాడు.

"గది పారబోస్తవా?"

"మడ్డి గదా సాబ్. కల్లుకొచ్చినోనికి ఎన్నడు మడ్డి పొయ్యలె నేను. నేనెట్ల తాగుత?"

ఊపి తాగమని మొదటి రోజే మెహమూద్ చెప్పాడు. కాటమయ్య విన్నాడు కూడా. చేపపిల్లకు ఈత నేర్పుతాడా, కల్లు వాసనే ఎరగని సాబు ఏదో అన్నాడులే అనుకున్నాడు.

"మందంత గా మడ్డిలనే ఉన్నది. నువ్వు తాగింది ఉత్త నీళ్లు" అన్నాడు మెహమూద్.



"గా మడ్డి నేను మేకల కుడితిల పోస్తున్న సాబ్" అంది లక్ష్మీనర్సమ్మ. "అవి మస్తుగ మేస్తున్నయి."

మెహమూద్‌కు నవ్వు ఆగలేదు. కాటమయ్య మాత్రం తల వంచుకున్నాడు. వంపడంలో తన అంతటివాడు లేడనే గర్వంతో బతికినవాడికి ఆ చెయ్యే ఎసరు పెట్టిందంటే నవ్వెలా వస్తుంది? అది చూసి మెహమూద్ నవ్వు మింగాడు.

"తప్పు నాది గూడ ఉన్నది. సీసాను జూసిన గని నిన్ను అడగలె. ఇగ అడగంది నింప."

సీసాను బాగా ఊపి పోసిచ్చాడు. కాటమయ్య ముక్కు మూసుకుని మింగాడు. పొద్దున్నే ఉత్త కడుపున కల్లు తాగొద్దన్నప్పుడు మాత్రం మందు కంటే ఎక్కువ పేచీ పెట్టి, చివరికి ఒప్పుకున్నాడు.

ఆనాటి నుంచి ఇంట్లో సీసా ఊపే పని లక్ష్మీనర్సమ్మది. మొగుణ్ణి నమ్మేది లేదని చల్ల చిలికినట్టు ఊపేది. కాటమయ్య అంగడికి పోయిన ప్రతిసారీ మెహమూద్ మొదట తిండి సంగతి, నొప్పి సంగతి అడిగి, ఆ తర్వాతే సీసా అందుకునేవాడు. నొప్పి కొంచెం కొంచెంగా సడలింది. జొన్న గట్క కడుపులో నిలిచింది. ఇక కోత అక్కర్లేదని డాక్టరు కూడా అన్నాడు.

గుత్తేదారు పెట్టిన గడువు దగ్గరపడ్డ ఒక పొద్దున, కాటమయ్య గోడకున్న మోకు తీసి భుజాన వేసుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ వద్దనలేదు. వెనకే నడిచింది. ఆఖరుసారి ఎక్కినప్పుడు పైన నొప్పి లేచి, చేతులు వదిలేసి, ఒక్క మోకు మీదే వేలాడాడని బాలస్వామి ఆమెకు చెప్పాడు. కాటమయ్య ఆ సంగతి ఇప్పటికీ ఆమెతో అనలేదు. తనకు తెలుసని ఆమె కూడా అనలేదు.

అతను ఎక్కుతుంటే ఆమె తలెత్తలేకపోయింది. చెట్టు మొదట్లో నిలబడి నేలనే చూస్తోంది. మోకు రాపిడి పైకి పైకి పోయి ఆగిపోయింది. తర్వాత గెల మీద కత్తి ఆడుతున్న చప్పుడు వినబడింది, ఒకే తీరున, ఆగకుండా.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

"జరుగవే, మీద పెచ్చులు పడ్తయి" అన్నాడు కాటమయ్య పైనుంచి.

"పడనియ్యి" అంది, ఏడుస్తూనే. జరగలేదు.